దుమెంగ్ కొన్న స్కోపు

మా లోయలో మనిషి ముసలివాడయ్యాడని చెప్పేవి తలవెంట్రుకలు కావు, మోకాళ్ళు. జుట్టు నెరిసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. కొండ దిగేటప్పుడు ఆగి ఆగి, పక్కకు తిరిగి, కర్ర మీద బరువు మోపుతూ దిగేవాణ్ణి చూస్తే మాత్రం చర్చి ముందు బెంచీ మీద కూర్చున్న ముసలాళ్ళు కాస్త జరిగి చోటిస్తారు. ఆ జరగడం ఉందే, అంతకంటే పెద్ద అవమానం మా దగ్గర లేదు. ఆ వేసవిలో వాళ్ళు దుమెంగ్‌ను చూసి జరిగారు.

దుమెంగ్ రోడ్ల శాఖలో మనిషి. చలికాలమంతా మంచు తోసే బండి నడపడం, మంచు కరిగాక కొండ మీంచి దొర్లిపడ్డ రాళ్ళను రోడ్డు మీంచి ఎత్తిపోయడం. ముప్పై ఏళ్ళుగా అదే పని. అంత ఎత్తు బండి మీంచి దూకి దూకి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. దిగడానికి మెట్లున్నాయి కదయ్యా అంటే, మెట్లు పట్నంవాళ్ళ కోసం పెట్టారనేవాడు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఆదివారం మధ్యాహ్నం అక్క బార్లా ఇంట్లో వేడిగా బార్లీ సూపు, మిగతా రోజులు రొట్టె, జున్ను, ఎండబెట్టిన సాసేజ్. ఏడాదికి మూడు వారాలు మాత్రం మనిషి మనిషిలా బతికేవాడు. అవి సెప్టెంబరు వేట వారాలు.

ఆ మూడు వారాలూ మా పురాష్ ఊళ్ళో పోస్టాఫీసు కిటికీ మూసి ఉంటుంది. చర్చిలో పాట పాడితే మగ గొంతులు వినపడవు. పంటినొప్పితో వెళ్ళినవాడికి డాక్టరు తలుపు మీద తాళం ఎదురవుతుంది. అందరూ కొండల మీదే. ఆ రోజుల్లో కింద వీధిలో కనపడ్డవాణ్ణి, ఏం ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు, అదీ జాలిగా. దుమెంగ్‌కు చావంటే భయం లేదు. ఆ జాలి అంటే భయం. వేట మానేస్తే తనకిక మిగిలేది ఆ బెంచీ, ఆ ముసలాళ్ళు, ఇంకొకడు కొట్టిన మేక గురించి వాళ్ళు పడే తగవులూ. అందులో కూర్చోవడం కంటే ఏదైనా చేస్తాననుకున్నాడు. ఏదైనా అనుకున్నవాడికి ఏదో ఒకటి దొరక్కపోదు.

వేటలో అతని జోడీ లూట్సీ. బార్లా మొగుడు, దుమెంగ్‌కు బావ. తాపీపని చేసి రిటైరయ్యాడు. దుమెంగ్ కంటే పెద్దవాడు, అయినా ఆ కాళ్ళు మాత్రం పెళ్ళినాటివే. పొద్దున్నే లేచి, ఇంత కాఫీ గొంతులో పోసుకుని, కొండను నిలువునా ఎక్కేసి, ఆయాసం లేకుండా ఈల వేసుకుంటూ దిగేవాడు. మాటకు ముందు నవ్వు, నవ్వుకు ముందు వెక్కిరింత. వాళ్ళిద్దరూ కలిసి వేటకు పోవడం మొదలుపెట్టింది బార్లా పెళ్ళయిన మరుసటి ఏడాది. అప్పటినుంచి ఒక్క సెప్టెంబరు కూడా విడిగా పోలేదు.

వాళ్ళ గుడిసె వాల్ నైరా అనే లోతైన గండికి ఇవతలి గట్టున ఉంది. గండి అడుగున ఏరు. ఆ ఏటి హోరుకు పక్కనున్నవాడి మాట కూడా సగమే వినపడుతుంది. అవతలి గట్టు నిట్టనిలువు గోడ, మధ్యమధ్యలో అరుగుల్లా గడ్డి పలకలు. ఆ పలకల మీదికి కొండమేకలు పొద్దున్నే వచ్చి, ఇవతలి మనుషుల్ని చూస్తూ కూడా, మాకేం భయం అన్నట్టు మేస్తాయి. వాటికి లెక్క తెలుసు. మా చట్టం ప్రకారం వేటగాడు రెండు వందల మీటర్లు దాటి కాల్చకూడదు. ఆ గోడ అంతకు రెండింతలు.

మోకాళ్ళు పోయాక బావాబామ్మర్దులు పని పంచుకున్నారు. లూట్సీ చీకటుండగానే లేచి, ఎగువన ఉన్న చెక్కల వంతెన దాటి, అవతలి శిఖరం మీదుగా తిరుగుతాడు. దుమెంగ్ ఇవతల గుడిసె దగ్గర, ఏదైనా దారి తప్పి వస్తుందేమోనని కూర్చుంటాడు. ఏటి హోరులో పిలుపులు పనికిరావు కాబట్టి వాళ్ళ మధ్య తుపాకీ చప్పుడే మాట. అది వాళ్ళ నాన్నల నాటి పద్ధతి. ఒక్క చప్పుడైతే, పడింది, నింపాదిగా రా. కాస్సేపటికి రెండోది కూడా వినపడితే, దెబ్బతిని లేచింది, కిందికి పోతోంది, పరిగెత్తి అడ్డం పడు. దెబ్బతిన్న మేకను వదిలేసి ఇంటికి రావడం మా దగ్గర దొంగతనం కంటే హీనం. అందుకే రెండో చప్పుడు విన్నవాడు ఆలోచించడు, పరిగెడతాడంతే.

రెండు సెప్టెంబర్లు దుమెంగ్ అలా కూర్చున్నాడు. ఒక్కటీ దారి తప్పలేదు. అవతలి గోడ మీద మాత్రం రోజూ మేశాయి. రెండో ఏడు ఆఖరి రోజున లూట్సీ తను కొట్టిన మేకను భుజాన వేసుకొచ్చి దింపుతూ, గుడిసె కాపలా బాగానే కాశావురా, ఒక్క ఎలుక కూడా లోపలికి రాలేదు అన్నాడు. రోజూ అనే వెక్కిరింతే. ఆ రోజు ఎందుకో దుమెంగ్‌కు అది ముల్లులా దిగింది. నవ్వాడు గానీ, రాత్రి భోజనం సరిగా తినలేదు.

మరుసటి ఆగస్టులో మోకాళ్ళ డాక్టరు దగ్గరకని చెప్పి బస్సెక్కి పట్నం పోయాడు. పోయింది తుపాకులు అమ్మే ట్సిండెల్ కొట్టుకు.

ట్సిండెల్ మంచివాడే. తండ్రి నాటి నుంచీ మా లోయ తుపాకులన్నీ వాళ్ళ చేతిమీదుగా నడిచినవే. దుమెంగ్ తుపాకీకి బిగించే స్కోపు కావాలనగానే, వేటగాళ్ళందరూ తీసుకెళ్ళేదే ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. పొట్టిది, తేలికైనది. ఆరింతలు దగ్గరగా చూపిస్తుంది. దుమెంగ్ కిటికీలోంచి ఎదురు కొండ మీది గడ్డిపాకను చూశాడు. పాక కనపడింది, తలుపు కనపడింది. ఇంకా పెద్దది చూపించమన్నాడు. రెండోదాన్లో తలుపు గొళ్ళెం కనపడింది. ఇంకా పెద్దదన్నాడు. ట్సిండెల్ లోపలికెళ్ళి పొడుగాటి పెట్టె ఒకటి తెచ్చి, మెత్తటి గుడ్డ విప్పి, నల్లటి లావుపాటి స్కోపు బయటికి తీశాడు. దాన్లోంచి చూస్తే గొళ్ళేనికి వేలాడుతున్న తాళంచెవి కనపడింది. గాలికి ఊగడం కూడా కనపడింది.

దుమెంగ్ చాలాసేపు కన్ను తియ్యలేదు. కొండను ఎవరో ఎత్తి తెచ్చి ఒళ్ళో పెట్టినట్టుంది. ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు, మోకాళ్ళ ఊసే లేదు.

ఆ స్కోపు నెత్తిన పళ్ళున్న చక్రం ఒకటి ఉంది. ట్సిండెల్ దాన్ని తిప్పి చూపించాడు. ఒక్కొక్క పన్నుకీ టిక్కుమంటుంది. మా వేట తూటా లావుది, బరువుది, అలాంటిదే వాడాలని చట్టం. దూరం పోయేకొద్దీ అది అలసిపోయి కిందికి దిగిపోతుంది. ఎంత దిగుతుందో లెక్కకట్టి ఆ చక్రాన్ని అన్ని టిక్కులు తిప్పితే, గురి గీత ఎక్కడుంటే తూటా అక్కడికే వచ్చి తగులుతుంది. ఇదంతా చెప్పి, చెప్పవలసినవి మిగతావి కూడా చెప్పాడు. అంత దగ్గరగా చూపించేదాన్లో చుట్టూ ఏముందో కనపడదు, ఒక్క మేక తప్ప పక్క మేక కనపడదు. తుపాకీ ఎగరగానే ఆ ఒక్కటీ మాయమైపోతుంది. పొద్దువాలితే ఆ వెంట్రుకంత గీతలు కనపడవు. వేటకైతే మొదటిదే మేలు, నా మాట విను అన్నాడు.

"వేటకి కాదులే. ఊళ్ళో పోటీకి," అన్నాడు దుమెంగ్, కన్ను స్కోపుకే పెట్టి.

మా ఊరి కాల్పుల పోటీల్లో స్కోపు పెట్టనివ్వరు. మామూలు ఇనుప గురితోనే కాల్చాలి. ఈ సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు, తుపాకులు అమ్మే ట్సిండెల్‌కు తెలియదా? ఆ మాట అతని నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషి నలభై ఏళ్ళ వయసు దులిపేసుకుని, కొత్త బొమ్మ దొరికిన పిల్లవాడిలా మెరిసిపోతున్నాడు. చెడగొట్టడం దేనికిలే అనుకున్నాడు. లాభం సంగతి కూడా అనుకునే ఉంటాడు, అమ్ముకునేవాడు కదా.

"ఎంత దూరానికి సరిచెయ్యమంటావు?" అని మాత్రం అడిగాడు.

"నాలుగు వందలు. కాస్త అటూ ఇటూ."

ట్సిండెల్ ఇక ఏమీ అడగలేదు. వినాశకాలానికి విపరీతబుద్ధి ఒక్కడికే పుట్టదు, పక్కవాడు కూడా కాస్త చెయ్యివేస్తాడు.

ఊళ్ళో కాలిస్తే నలుగురూ అడుగుతారని దుమెంగ్ కనుమ దాటి పక్క లోయకు పోయాడు. అక్కడ డబ్బిస్తే దూరపు గురి కాల్చుకోనిచ్చే మైదానం ఉంది. ఎవరూ ఎవర్నీ పేరడగరు. మొదటి తూటా అట్ట కిందున్న మట్టిలో దిగింది. చక్రం తిప్పాడు, కాల్చాడు, మళ్ళీ తిప్పాడు. ఆ లావు తూటా తన్నుకు స్కోపు అంచు వెనక్కొచ్చి కనుబొమ మీద గాటు పెట్టింది. రక్తం తుడుచుకుని మళ్ళీ కాల్చాడు. వేసవి ముగిసేలోగా నాలుగు వందల మీటర్ల అవతలున్న అట్ట మీద వరుసగా వేసిన తూటాలన్నీ అరచెయ్యంత చోట్లో పడసాగాయి. చెయ్యి వణకలేదు, ఊపిరి తప్పలేదు. ఒక్క మోకాళ్ళు తప్ప ఒంట్లో అన్నీ బాగానే ఉన్నాయని ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. సంతోషంతోనే.

వేట మొదలయ్యే ముందు సాయంత్రం గుడిసెలో లూట్సీ ఆ తుపాకీ చూశాడు.

"ఏంట్రా బామ్మర్దీ ఇది? చందమామ మీద మేకలేమైనా ఉన్నాయని చెప్పారా ఎవరైనా?"

కళ్ళు మసకబారుతున్నాయి బావా, అందుకని కొన్నాను అన్నాడు దుమెంగ్. ఆ కనుబొమ మీది గాటు సంగతేమిటంటే, గడప తగిలిందన్నాడు. లూట్సీ తుపాకీ పేలకుండా బోల్టు ఊడదీసి పక్కన పెట్టి, తుపాకీ కిటికీలో ఆనించి, అవతలి గోడ వైపు చూశాడు. వెక్కిరింత ఆగిపోయింది. కాస్సేపు అలాగే చూసి, తుపాకీని మెల్లగా మంచం మీద పెట్టాడు.

"అవతలి గోడమీద దాన్ని కొట్టకు దుమెంగ్," అన్నాడు. పేరుపెట్టి పిలిచాడంటే వెక్కిరింత కాదని అర్థం. "చట్టం సంగతి వదిలెయ్, అది వేటశాఖ రాగెట్ చూసుకుంటాడు. కొడితే తేవాలి. నువ్వు వెళ్ళలేవు. అక్కడే వదిలేసి రావడం మన ఇంటా వంటా లేదు."

"కొడతానని ఎవరన్నారు బావా. చూడ్డానికే."

లూట్సీ నమ్మాడో లేదో తెలియదు. రొట్టె కోసి సగం ఇతనికిచ్చాడు. మాట మార్చి, ఈ ఏడు తను కొట్టే మేకను పండగకు దాచమని బార్లా అందని చెప్పాడు.

ఎనిమిది రోజులు దుమెంగ్ మాట నిలబెట్టుకున్నాడు. నిజంగానే చూడ్డానికే అన్నట్టు కూర్చున్నాడు. రోజూ పొద్దున ఆ గోడ మీద మేకలు మేసేవి. స్కోపులోంచి వాటి కొమ్ముల మెలికలు, ముక్కు చుట్టూ మూగిన ఈగలు కూడా కనపడేవి. రోజూ చక్రం తిప్పి, నేర్చుకున్న టిక్కుల దాకా తెచ్చి, మళ్ళీ వెనక్కి తిప్పేసేవాడు. ఆకలిగా ఉన్నవాడు విస్తరి ముందు కూర్చుని చేతులు కట్టుకున్నట్టుంది అతని పని. ఎన్నాళ్ళు కట్టుకుంటాడు?

ఎనిమిదో రోజు రాత్రి, కాలం కాని కాలంలో మంచు పడింది. తెల్లారేసరికి ఆకాశం తేటపడి, చలి బిగిసింది. లూట్సీ ఎప్పట్లాగే చీకట్లోనే వెళ్ళిపోయాడు. వెళుతూ, ఇవాళ అవి ఎండ కోసం కిందికి దిగుతాయి, నేను శిఖరం మీంచి నెమ్మదిగా తోలుకొస్తాను, ఎగువన వంతెన దగ్గరికొస్తే నీకు అందుతాయి అన్నాడు. బామ్మర్దికి ఒక్కటైనా దక్కాలని అతని తాపత్రయం. కిందటేటి తన వెక్కిరింత ఎక్కడ దిగిందో ఆ మనిషికి తెలిసే ఉంటుంది.

ఎండ గోడ మీదికి రాగానే మేక ఒకటి పలక మీదికి వచ్చింది. ఒంటరిది, పిల్ల లేదు, కొమ్ములు ముదిరినవి. అడ్డంగా తిరిగి నిలబడింది. గాలి లేదు. దుమెంగ్ చేతులు తమంతట తామే చక్రం తిప్పాయి. టిక్కులు లెక్కపెట్టుకున్నాయి. ఈసారి వెనక్కి తిప్పలేదు. ఊపిరి సగం వదిలి, ఆపి, నొక్కాడు.

స్కోపులో అంతా చెదిరిపోయి మళ్ళీ కుదురుకునేసరికి మేక పడి ఉంది. నిలబడ్డ చోటే పడింది, కాలు కూడా కదపలేదు. గండిలో చప్పుడు తిరిగి తిరిగి అణిగింది. ఆ క్షణంలో దుమెంగ్‌కు కలిగిన సంతోషం అబద్ధం కాదు. నేనింకా ఉన్నాను అనుకున్నాడు. బెంచీ ముసలాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ పేరుపేరునా తలుచుకుని నవ్వుకున్నాడు.

ఆ తర్వాత మేకను ఎలా తేవాలన్న ఆలోచన వచ్చింది. సాయంత్రం లూట్సీ రాగానే కాళ్ళు పట్టుకుందాం, నాలుగు తిట్లు తిడతాడు, రేపు వంతెన మీంచి చుట్టూ తిరిగి ఇద్దరం వెళదాం అనుకున్నాడు. ఎంతటి వెర్రి లెక్క! ఒక్క చప్పుడు విన్నాక లూట్సీ సాయంత్రందాకా ఆగుతాడా?

తల ఎత్తేసరికి అవతలి శిఖరం మీద చిన్న నల్లటి చుక్క కదులుతోంది. దుమెంగ్ ముందు బోల్టు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. మనిషి మీదికి తుపాకీ తిప్పకూడదని చిన్నప్పుడు నాన్న చెంప పగలగొట్టి నేర్పిన పాఠం అది. బైనాక్యులర్ గుడిసెలో ఉంది, అక్కడిదాకా కుంటుకుంటూ పోయి వచ్చే వ్యవధి లేదు. స్కోపుకు కన్ను పెట్టాడు. లూట్సీ దగ్గరికొచ్చేశాడు. ఎర్రటి మెడగుడ్డ, టోపీ పక్కన దేవదారు రెమ్మ, గడ్డం మీద మంచు, అన్నీ కనపడ్డాయి. మేక ఎక్కడ పడిందో పైనుంచి చూసి, దాన్ని కొట్టింది గండికి ఇవతలినుంచేనని ఆ మనిషికి అర్థమైపోయింది. ఇవతలి వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. నువ్వు బాగుపడవురా అన్నట్టు. కోపంగా లేడు. నవ్వుతూనే ఉన్నాడు.

ఆ నవ్వుతోనే దిగడం మొదలుపెట్టాడు. మేక ఉన్న పలకకు పైన వాలు ఉంది, దాని మీద తెల్లటి కొత్త మంచు. పైనుంచి వచ్చేవాడికి అది మామూలు గడ్డి వాలు. ఎదురుగా ఉన్న దుమెంగ్‌కు మాత్రం స్కోపులో ఆ మంచు కింద నీలంగా మెరుస్తున్న చార కనపడింది. ఊట నీరు రాత్రి చలికి గాజులా గడ్డకట్టింది. కింది అంచున తప్ప దాని మీద అంతటా వేలెడు మంచు. ఆ చార దాటితే పలక, పలక దాటితే ఏమీ లేదు, ఏటిదాకా గాలే.

దుమెంగ్ గొంతు చించుకుని అరిచాడు. ఏటి హోరులో తన అరుపు తనకే వినపడలేదు. లేచి చేతులూపాడు. లూట్సీ కాళ్ళకేసి చూసుకుంటూ, కర్రతో పొడిచి పొడిచి, ఒక్కో అడుగే వేస్తున్నాడు. జాగ్రత్తపరుడే. నీలం చార దగ్గరికి వచ్చేసరికి కర్ర జారితే తెలుసుకునేవాడేమో. వెనక్కి తిరిగేవాడేమో. ఆ మాట దుమెంగ్ ఇప్పటికీ అనుకుంటాడు, అనుకోని రోజు లేదు.

అప్పుడతనికి ఒక్కటే తోచింది. చప్పుడు చెయ్యాలి, చప్పుడైతే ఆగి ఇటు చూస్తాడు. జేబులోంచి బోల్టు తీసి తోశాడు, తుపాకీ ఆకాశంలోకి ఎత్తి కాల్చాడు. కాల్చిన వెంటనే, ఆ తొందరలో కూడా, బోల్టు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. చప్పుడు అవతలి గోడకు తగిలి తిరిగి వచ్చింది. అది చెవిన పడ్డాక గాని తను ఏం చెప్పాడో తనకు తెలియలేదు. దెబ్బతిని లేచింది, కిందికి పోతోంది, పరిగెత్తి అడ్డం పడు. నలభై ఏళ్ళుగా ఆ చప్పుడుకు వేరే అర్థం లేదు.

స్కోపుకు కన్ను పెట్టేసరికి లూట్సీ పరిగెడుతున్నాడు. కర్ర వదిలేసి, చేతులు చాచి, వాలుకు అడ్డంగా కిందికి. కళ్ళు కాళ్ళ మీద లేవు. పలక అంచున ఎక్కడ లేచిందా, ఎటు పోతోందా అని మేకను వెతుకుతున్నాయి. అంత దూరాన ఉన్న ఆ కళ్ళు దుమెంగ్‌కు చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో ఉన్నాయి. వద్దు బావా, వద్దు, అదేమీ లేవలేదు అని గొణుగుతున్నాడు దుమెంగ్. తర్వాత ఆ చిన్న గుండ్రటి వెలుగులోంచి లూట్సీ పక్కకు తప్పుకున్నాడు. తుపాకీ తిప్పి వెతికాడు. మంచు మీద పొడుగాటి గీత కనపడింది, ఆ తర్వాత మేక, ఆ తర్వాత పలక అంచు. మనిషి లేడు.

హెలికాప్టర్ వచ్చింది, తాళ్ళతో మనుషులు దిగారు, మధ్యాహ్నానికల్లా లూట్సీని పైకి తెచ్చారు. వేటశాఖ రాగెట్ కూడా వచ్చాడు. అతను అడక్కముందే దుమెంగ్ చెప్పేశాడు, ఇవతలినుంచి కొట్టాను, నాలుగు వందలపైనే ఉంటుందని. తప్పు చేస్తే మనమే ముందు వెళ్ళి చెప్పుకోవడం మా లోయలో ఆనవాయితీ. చెప్పుకున్నవాడికి జరిమానా పడుతుంది గానీ చెడ్డపేరు రాదు. మేకను, తుపాకీని, స్కోపును రాగెట్ తీసుకున్నాడు. లైసెన్సు పోతుంది, ఇక జన్మలో రాదన్నాడు. దుమెంగ్ తలూపాడు. రెండు చప్పుళ్ళు వినపడ్డాయని ఎగువ మేతబీళ్ళలో జున్ను చేసే గుడిసెవాళ్ళు చెప్పారు, అవునా అని అడిగాడు రాగెట్. అవునన్నాడు. దెబ్బతిని లేచిందన్నమాట, రెండోది తప్పిపోయిందన్నమాట అని రాగెట్ తనే అనుకున్నాడు. దుమెంగ్ కాదనలేదు.

ఊరు కూడా అలాగే అనుకుంది. లూట్సీ ఎప్పుడూ అంతే, దెబ్బతిన్నదాన్ని వదలడు, తన ప్రాణం లెక్కచెయ్యడు అన్నారు. దుమెంగ్‌ను తిట్టినవాళ్ళున్నారు. దూరం నుంచి కొట్టినందుకు తిట్టారు, ఆ రెండో చప్పుడుకు కాదు. ఖననం రోజున బెంచీ ముసలాళ్ళు అతని భుజం తట్టి, వేటలో ఇలాంటివి ఉంటాయి, ఏం చేస్తాం అన్నారు. ఆ మాట అతన్ని కొరడా పెట్టి కొట్టినట్టుంది. నోరు విప్పి నిజం చెబుదామని రెండుసార్లు అనుకున్నాడు. బార్లా వైపు చూసి రెండుసార్లూ మింగేశాడు. లూట్సీ పోయాక ఈ లోకంలో అతనికున్నది ఆ ఒక్క మనిషి. వేట పోయినా, పరువు పోయినా బతకగలడు. ఆదివారం మధ్యాహ్నం ఆ గుమ్మం కూడా మూసుకుపోతే ఎక్కడికి పోతాడు?

ఖననమైన రెండు రోజులకు బార్లా అతని ఇంటికొచ్చింది. కోటు వేసుకుని ఉంది. రాగెట్ కొట్టానికి పోదాం పద, నాకు ఆ మేకను చూడాలని ఉంది అంది. వద్దక్కా అన్నాడు. నా మొగుడు దేనికోసం పోయాడో చూడొద్దా నేను అంది. దుమెంగ్ లేచి కోటు తగిలించుకున్నాడు.

రాగెట్ తలుపు తీసి, లాంతరు వెలిగించి, బయట నిలబడ్డాడు. చల్లటి గదిలో మేక తలకిందులుగా వేలాడుతోంది. బార్లా కోటు విప్పలేదు, గ్లవ్స్ మాత్రం తీసేసింది. పెళ్ళయిన నాటినుంచీ ఈ ఇద్దరు మగాళ్ళు తెచ్చిన ప్రతి మేకనూ ఒలిచింది ఆవిడే. పక్కటెముకల మీద బొచ్చు పక్కకు తోసి, తూటా దిగిన చోటు చూసింది. అటువైపు తిప్పి, బయటికి పోయిన చోటు చూసింది. లోపల చెయ్యి పెట్టి తడిమింది. తొందరపడలేదు. దుమెంగ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మోకాళ్ళు నొప్పెట్టడం మానేశాయి, అసలు కాళ్ళున్నాయన్న స్పృహే లేదు.

బార్లా చెయ్యి గుడ్డకు తుడుచుకుంది.

"దీని గుండె చీలిపోయిందిరా," అంది. "పడ్డచోటినుంచి ఒక్క అడుగు వేసి ఉండదు."

"అవునక్కా."

"మరి రెండోది ఎందుకు కాల్చావు?"

గొంతు పెంచలేదు. చిన్నప్పుడు పాలగిన్నె ఎవరు ఒలకబోశారని అడిగిన గొంతే. దుమెంగ్ అప్పుడు కూడా ఆవిడతో అబద్ధం చెప్పలేకపోయేవాడు.

"మంచు కింద గడ్డకట్టి ఉందక్కా. నాకు కనపడింది. ఆయనకు కనపడలేదు. ఆపుదామని కాల్చాను."

రెండో చప్పుడుకు అర్థం ఏమిటో వేటగాళ్ళ ఇంట్లో పుట్టి వేటగాడి ఇంట్లో మెట్టిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. తెలుస్తూ ఉండగా ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోవడం అతనికి కనపడింది. గ్లవ్స్ ఒక్కొక్కటే, వేలు వేలుకూ సర్దుకుంటూ తొడుక్కుంది.

"ఆయన నీ మాట విన్నాడురా," అంది. "నువ్వు పరిగెత్తమన్నావు, పరిగెత్తాడు."

తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది. దుమెంగ్ వెనకాలే వెళ్ళబోతే, చెయ్యి అడ్డంగా పెట్టి ఆపి, ఒక్కతే మెట్లు దిగింది.